మిగతాది అవ్వకెరుక

ఆమధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలు కానిచ్చి ఇంటిల్లిపాదీ నడుం వాల్చిన వేళ, నా నవల మాయమైంది.

మాయమైందంటే పోస్టులో పోలేదు, చెదలు తినలేదు. నా చేతులారా నేనే చేసుకున్నాను. మూడేళ్ళుగా రాసి, కొట్టేసి, మళ్ళీ రాసిన నవల. ప్రచురించేవారు "మీ పాత నవలలూ కొత్తదీ కలిపి చిన్న ఫైలుగా చేసి పంపండమ్మా" అన్నారు. అదెంత భాగ్యం అనుకున్నాను. మా చెల్లెలి కూతురు బాసర ట్రిపుల్ ఐటీలో చదువుతోంది. పదో తరగతి కాగానే పిల్లల్ని తీసుకుని ఆరేళ్ళ చదువు చెప్పే చోటది, 2008లో పెట్టారు. వెనక మనందరికీ అక్షరాభ్యాసమంటే బాసర. ఇప్పుడు కంప్యూటరు అక్షరాభ్యాసానికీ బాసరే! సెలవులకి భైంసా మీదుగా బస్సెక్కి నిర్మల్ వచ్చినప్పుడల్లా ఆ పిల్ల నా కంప్యూటరు మీద ఏదో ఒక ప్రయోగం చేసి పోతుంది. ఈసారి ముసలిదైపోయిన ఆ యంత్రంలోంచి విండోస్ తీసేసి లైనక్స్ పెట్టింది. పోతూ పోతూ ఒక చీటీ రాసి ఇచ్చింది. "పెద్దమ్మా, ఫైలు చిన్నగ చేయాల్నంటే ఈ నల్ల తెర తెరిచి, జీజిప్ అని కొట్టి, పక్కన ఫైలు పేరు కొట్టు. గంతే."

ఆ నల్ల తెర సంగతి మీలో చాలామందికి తెలిసివుండకపోవచ్చు. అందులో బొమ్మలుండవు, నొక్కడానికి గుర్తులుండవు. మౌసుతో పనే లేదు. ఒక చిన్న గీత మిణుకు మిణుకుమంటూ మన ఆజ్ఞ కోసం కాచుకుని వుంటుంది. మనం మాట రాయాలి, అది చేయాలి. చేసినా "చేశానమ్మా" అని చెప్పదు. నేను చీటీ చూసుకుంటూ అక్షరం అక్షరం కొట్టాను. గీత ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ మిణుకుమంది. చూద్దును కదా, నవల లేదు! దాని స్థానంలో, అదే పేరుకి జీజెడ్ అనే తోక తగిలించుకుని ఇంకేదో కూర్చుంది. పదకొండు లక్షల బైట్ల నవల ఉన్నచోట రెండు లక్షల పైచిలుకు మాత్రమే మిగిలింది.

ఫోను చేసి లబోదిబోమన్నాను.

"ఏం పోలే పెద్దమ్మా, గాబరా పడకు. ఆ తోక వున్నదే నీ నవల. అది గట్లనే చేస్తది. నొక్కినంక పాతదాన్ని తీసేస్తది."

"అడగకుండానే?"

"నువ్వు అడగమన్లేదు గదా. గన్‌జిప్ అని కొట్టు, ఎట్లున్నది గట్లనే వస్తది. ఇంకోసారి హైఫన్ పెట్టి కె అని రాయి, పాతది కూడ వుంచుతది. చెప్పుడు మరిచిన."

ఆ కె అనే అక్షరం 2013లో వచ్చిన 1.6 నమూనాలో గానీ చేర్చలేదట. అంతకు ముందు ఇరవై ఏళ్ళు ఎంతమంది నాలాగే గుండెలు బాదుకున్నారో! గన్‌జిప్ అని కొట్టాను. నవల వచ్చింది. మొదటి అధ్యాయం చూశాను, చివరిది చూశాను, మధ్యలో నాయిక కిటికీ దగ్గర నిలబడే చోట నేను పెట్టాలా వద్దా అని రెండ్రోజులు తన్నుకులాడిన కామా చూశాను. వున్నది వున్నట్టుగానే వుంది.

అప్పుడు పట్టుకుంది నాకు సందేహం. అయిదింట నాలుగు వంతులు తీసేసి, మళ్ళీ కామాతో సహా ఎలా తెచ్చిపెట్టింది? ఇంతకీ తీసేసిందేమిటి?

మా ప్రాంతంలో నొక్కడమంటే పత్తే. సీజనులో భైంసా, ఆదిలాబాద్ రోడ్ల మీద పత్తి బండ్లూ లారీలే. జిన్నింగు మిల్లులో గింజ తీసి, ప్రెస్సులో పెట్టి నొక్కితే, గది నిండా లేచే దూది 170 కిలోల బేలుగా బిగుసుకుంటుంది. అక్కడ పోయేది గాలి. మరి నా నవలలో పోయిన గాలేది? (నా నవలల్లో గాలి ఎక్కువేనని ఒక సమీక్షకుడు ఎప్పుడో సెలవిచ్చారు గానీ, కంప్యూటరుకి ఆ సమీక్ష చదివే తీరిక వుండదనుకుంటాను.)

దీనికి జవాబు నాకు మా అమ్మ నోటుపుస్తకంలో దొరికింది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆమె బతుకమ్మ పాటల పుస్తకం నా దగ్గరే వుంది. నూరు పేజీల రూళ్ళ పుస్తకం, అట్టకి పాత క్యాలెండరు కాగితం తొడుగు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ మా వాడకట్టులో పాట ఎత్తేది అమ్మే. తంగేడూ గునుగూ పేర్చిన బతుకమ్మ చుట్టూ ఆమె ఒక చరణం చెప్తే, మిగతా ఆడవాళ్ళు చప్పట్లతో "ఉయ్యాలో" అని అందుకునేవారు. పుస్తకంలో పాట మొదటి చరణానికి మాత్రం ఆ మాట పూర్తిగా రాసివుంది. రెండో చరణం నుంచి వట్టి "ఉ". చందమామ అని అందుకునే పాటల్లో "చ". పాట మధ్యలో రెండు గీతలు గీసి "పైది" అని రాస్తే, పైన వచ్చిన నాలుగు చరణాలూ మళ్ళీ పాడాలని అర్థం. కాగితం పొదుపు, చేతి పొదుపు. మనమూ అంతే కదండీ, సినిమా పాట రాసుకున్నప్పుడు పల్లవి మళ్ళీ మళ్ళీ రాస్తామా? రెండు నిలువు గీతల మధ్య మొదటి మాట పెట్టి ఊరుకుంటాం.

జీజిప్ చేసేదీ సరిగ్గా అదే! ఫైలు చదువుకుంటూ పోతుంది. ముందు వచ్చిన ముక్కే మళ్ళీ వస్తే, దాన్ని రాయదు. "ఇన్ని అడుగులు వెనక్కి పో, ఇన్ని అక్షరాలు తెచ్చుకో" అని రెండంకెలు వేస్తుంది. అంటే అమ్మ రాసిన "పైది"! అయితే దీని జ్ఞాపకం 32 వేల పైచిలుకు బైట్ల వరకే. అంతకంటే వెనక పాడింది దానికి గుర్తుండదు. మా అమ్మకి వుండేది.

ఈ ఉపాయాన్ని శాస్త్రంగా రాసిపెట్టినవారు ఇద్దరు, అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్. ఇజ్రాయెల్‌లో హైఫా నగరపు టెక్నియాన్ విద్యాలయంలో అధ్యాపకులు. వారి వ్యాసం 1977లో అచ్చయింది. ఆ ఏడాది పేరే ఆ పద్ధతికి తోకగా నిలిచి, ఎల్‌జడ్ 77 అంటారు. ఇద్దరి పేర్లూ కలిపే పిలుస్తారు కాబోలు, కాలం కూడా వారిని అట్టే విడదీయలేదు. 2023 ఫిబ్రవరిలో లెంపెల్ పోతే, మార్చిలో జివ్ పోయారు.

రెండో ఉపాయం ఇంకా పాతది. టెలిగ్రాం రోజులు గుర్తున్నాయా? మాటకింతని డబ్బు కాబట్టి "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని నాలుగు మాటల్లో గుండె ఆగేట్టు రాసేవారు. పెళ్ళికి శుభాకాంక్షలైతే వాక్యం కూడా అక్కర్లేదు. పోస్టాఫీసు గోడకి అంకెలతో ఒక పట్టిక వుండేది. అంకె చెప్తే చాలు, అవతలి ఊళ్ళో అది నిండు వాక్యమై విప్పుకునేది. 2013 జులైలో ఆ సేవే ఆపేశారు. ఆ తంతివార్తలో ఇంగ్లీషు ఇ అక్షరానికి ఒకే ఒక చుక్క. ఎందుకంటే ఎక్కువగా వాడేది అదే. తరచు వచ్చేదానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు. మన ఇళ్ళల్లో రోజూ పిలిచే పిల్లకి ముద్దుపేరు పొట్టిగా, శుభలేఖలో రాసే పేరు బారెడు వున్నట్టు!

ఈ పొట్టీ పొడుగూ లెక్క ఎలా వేస్తే ఒక్క చుక్క కూడా వృథా కాదు? 1951లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో రాబర్ట్ ఫానో అనే ఆచార్యుడు తన విద్యార్థులకి చెప్పాడట, చివరి పరీక్ష రాస్తారా, లేక ఈ చిక్కు విప్పి వ్యాసం రాస్తారా అని. చిక్కు ఆయనకే తెగలేదని మాత్రం చెప్పలేదు. డేవిడ్ హఫ్‌మన్ అనే కుర్రాడు నెలల తరబడి గింజుకుని, ఇక లాభం లేదు, పరీక్షకే చదువుకుందామని కాగితాలు చెత్తబుట్టలో వేయబోతూండగా తట్టిందట. అందరూ పైనుంచి కిందికి విభజిస్తూ వచ్చారు. ఇతను కిందినుంచి, అన్నిటికన్నా అరుదైన రెంటిని జతకడుతూ పైకి వెళ్ళాడు. 1952లో అచ్చయిన ఆ పద్ధతి ఇవాళ్టికీ జీజిప్ పొట్టలో వుంది. పరీక్ష భయం మహా గొప్పది సుమండీ.

ఇక్కడివరకూ బడి కథ. ఇక్కణ్ణుంచి కోర్టు కథ.

1984లో టెర్రీ వెల్చ్ అనే ఆయన లెంపెల్, జివ్‌ల మరో పద్ధతిని మెరుగుపరిచి వ్యాసం రాశాడు. అది చదివిన వాళ్ళు యూనిక్స్ యంత్రాలకి కంప్రెస్ అనే పనిముట్టు తయారుచేసి అందరికీ పంచారు. అంతా హాయిగా వాడుకుంటున్నారు. కానీ ఆ పద్ధతి మీద వెల్చ్ పనిచేసిన కంపెనీకి 1985 డిసెంబరులో పేటెంటు వచ్చింది. మరుసటేడు ఆ కంపెనీ ఇంకోదానిలో కలిసి యూనిసిస్ అయింది. 1994 చివరలో యూనిసిస్, జిఫ్ బొమ్మల్ని తయారుచేసే ప్రోగ్రాములు రాసేవాళ్ళు మాకు రుసుము కట్టాలని ప్రకటించేసరికి గగ్గోలు పుట్టింది. ఆ పేటెంటు అమెరికాలో 2003 జూన్ దాకా నడిచింది. ఆలోచించండి, బతుకమ్మ పుస్తకంలో "ఉ" అని రాసుకున్నందుకు ఎవరో వచ్చి పైసలడిగితే?

అదే కాలంలో మిల్వాకీ ఊళ్ళో ఫిల్ కాట్జ్ అనే యువకుడు ఆర్క్ అనే పాత పనిముట్టుని పోలిన వేగమైనదొకటి రాశాడు. ఆర్క్ యజమానులు 1988లో దావా వేశారు. రాజీ అయ్యాక కాట్జ్ వేరే దారి పట్టి, 1989లో జిప్ ఫైలు తెచ్చాడు. మనందరి నోళ్ళలో నలిగే జిప్ ఫైలు అదే. అతను చేసిన మంచి పని, దాని లోపలి అమరిక ఇదీ అని రాసి లోకం ముందు పెట్టడం. డబ్బు వచ్చింది, పేరు వచ్చింది, మనిషికి మాత్రం నిలకడ రాలేదు. తాగుడు పట్టుకుంది. 2000 ఏప్రిల్లో, 37 ఏళ్ళ వయసులో, ఒక హోటలు గదిలో ఒంటరిగా పోయాడు. ఏ ఫైలు నొక్కినా ఎక్కడో అతని చేయి వుంటుందని తెలిశాక ఆ ఒంటరితనం నన్ను కొన్నాళ్ళు వదల్లేదు.

కంప్రెస్‌కి పేటెంటు బెడద వుందని తెలిసి, రిచర్డ్ స్టాల్‌మన్ నడిపే గ్నూ బృందం దానికి బదులు ఇంకోటి కావాలంది. ఫ్రాన్సుకి చెందిన జాన్-లూ గయీ, అమెరికాకి చెందిన మార్క్ ఆడ్లర్ కలిసి, కాట్జ్ బయటపెట్టిన అమరికని తీసుకుని, ఎవరి పేటెంటుకీ తగలకుండా కొత్తగా రాశారు. 1992 అక్టోబరు 31న జీజిప్ బయటికొచ్చింది. ఉచితం. 1996లో దాని నియమాలన్నీ పీటర్ డాయిష్ పత్రాలుగా రాశాడు. అవి చదివి ఎవరైనా, ఏ దేశంలోనైనా, విప్పే పనిముట్టు తామే చేసుకోవచ్చు. ఆడ్లర్ తర్వాత నాసాలో పనిచేసి, 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్ బండి ప్రయాణాన్ని నడిపించిన వారిలో ఒకడయ్యాడు. నా నవల కామా చెదరకుండా వచ్చిందంటే రాదూ మరి!

ఆ కామా గురించి ఇంకో మాట. జీజిప్ ప్రతి ఫైలు చివరా ఎనిమిది బైట్ల మూట కడుతుంది. నాలుగింటిలో అసలు ఫైలు పొడవు, నాలుగింటిలో లోపలి సరుకు మీద వేసిన ఒక లెక్క. విప్పాక మళ్ళీ లెక్క వేసి సరిచూసుకుంటుంది. పాలవాడి ముందు కొలిచి పోయించుకున్నా, లోపలికెళ్ళి మళ్ళీ కొలుచుకునే మా మేనత్తలాగ. ఫోనులో మనం పంపుకునే ఫోటోల పద్ధతి వేరు. అవి చిన్నవయ్యేటప్పుడు కన్ను పట్టని వివరం కొంత నిజంగానే పారేస్తారు, అది ఇక తిరిగి రాదు. పెళ్ళి ఫోటోకి అది చెల్లుతుంది. రాతకి చెల్లదు.

మన తెలుగు రాత ఎందుకింతగా అణుగుతుందో కూడా మా పిల్లే చెప్పింది. ఇప్పుడు వాడుకలో వున్న యూటీఎఫ్-8 పద్ధతిని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు కూడా 1992లోనే తయారుచేశారు. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో అచ్చుకీ హల్లుకీ గుణింతపు గుర్తుకీ ఒక్కొక్క దానికి మూడేసి. "స్త్రీ" అనే ఒక్క అక్షరముంది చూశారా, స, దాని కింద పొల్లు, త, మళ్ళీ పొల్లు, ర, ఆపైన ఈత్వం. ఆరు మూళ్ళు పద్దెనిమిది బైట్లు! ఇంగ్లీషులో ఆ మాటకి అయిదు చాలు. మన బరువు మోయడం యంత్రాలకీ కష్టమేనన్నమాట. అయితే ఆ మూడింటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండిట్లో ఒకటి. ప్రతి అక్షరమూ తన ఊరి పేరూ ఇంటిపేరూ చెప్పుకున్నాకే అసలు పేరు చెప్తుందన్నమాట. జీజిప్ ఊరిపేర్లన్నీ దాదాపు చెరిపేస్తుంది. పోయిన గాలిలో సగం అది.

చిన్నప్పుడు బళ్ళో అచ్చులు, హల్లులు అని వల్లించాం కదా. అచ్ అన్నా హల్ అన్నా అణిచిపెట్టిన మాటలే. పాణిని అక్షరాలన్నిటినీ ఒక వరసలో పేర్చి, నడుమ గుర్తులు నాటాడు. అ దగ్గర మొదలుపెట్టి చ్ అనే గుర్తు దగ్గర ఆగితే అచ్, అంటే స్వరాలన్నీ. వరస తెలిసినవాడికే అది విప్పుకుంటుంది. వరస తెలియకపోయినా మనం రెండువేల ఏళ్ళు దాటి ఇంకా ఆ మాట అంటూనే వున్నాం.

మరి తాళంచెవి పోతే? నా మొదటి రెండు నవలలూ డీటీపీ చేయించిన రోజుల్లో ఒక్కో చోట ఒక్కో ఫాంటు. ఆ ఫైళ్ళు ఇప్పటికీ తెరుచుకుంటాయి. కానీ ఆ ఫాంటు లేని యంత్రంలో నా నాయిక ఇంగ్లీషు అక్షరాలూ ఆశ్చర్యార్థకాలూ కలగలిపి ఏడుస్తూ వుంటుంది. మార్చే పనిముట్టు ఒకటి సంపాదించి, వత్తులు వత్తులుగా దిద్దుకునేసరికి రెండు నెలలు పట్టింది.

తాళంచెవి పోవడం ఒకటైతే, దొంగ చేతికి చిక్కడం మరొకటి. జీజిప్ కన్నా గట్టిగా నొక్కేది, జ్ఞాపకం ఎక్కువున్నది, ఎక్స్‌జడ్ అని ఇంకోటుంది. ఫిన్లాండులో లాసె కాలిన్ అనే ఆయన జీతం భత్యం లేకుండా ఏళ్ళ తరబడి దాన్ని సంబాళించుకుంటూ వచ్చాడు. అలసిపోయాడు. ఎవరో మారుపేరుతో సాయానికొచ్చి, రెండేళ్ళకి పైగా మంచిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి ఒకటి తవ్వారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రం లోపలికి రానివ్వడానికి అర సెకను ఆలస్యం చేస్తోందేమని ఆరా తీస్తే బయటపడింది. లేకపోతే లోకంలోని లెక్కలేనన్ని యంత్రాలకి ఆ దారి తెరుచుకునేదే. ఇంట్లో పొద్దస్తమానం చేసే పనిని ఎవరూ చూడరు, కూరలో ఉప్పు తగ్గిన రోజు తప్ప. మన ఆడవాళ్ళకి ఆ కాలిన్ అలసట వేరే చెప్పక్కర్లేదు.

ఈ బతుకమ్మకి అమ్మ పుస్తకం టైపు చేద్దామని కూర్చున్నాను. సెలవులకొచ్చిన పిల్ల పక్కన కూర్చుంది. నేను ప్రతి చరణానికీ "ఉయ్యాలో" పూర్తిగా కొడుతుంటే నవ్వింది.

"ఎందుకు పెద్దమ్మా గంత కష్టం? అమ్మమ్మ లెక్కనే ఉ అని పెట్టు. ఎట్లయినా జీజిప్ ఆ పనే చేస్తది."

"అది చేసుకోనీ. నేను మాత్రం విప్పే రాస్తా."

యాభై ఏడు పాటలు. అన్నీ పూర్తిగా విప్పి రాశాక, ఈసారి కె మరిచిపోకుండా కొట్టి నొక్కితే ఎనిమిదో వంతుకి దిగింది. పాటలంటే మరి నవల కాదు, తిరిగి తిరిగి అక్కడికే వచ్చేవి.

విప్పలేనివీ వున్నాయి. కొన్ని చరణాల పక్కన అమ్మ చిన్న సున్నా చుట్టింది. ఆగాలనా, తిరిగే దిక్కు మార్చాలనా? మా చెల్లెలు ఒకటంటుంది, పక్కింటావిడ ఇంకోటంటుంది. నలభై మూడో పాట దగ్గరైతే రెండు చరణాలు రాసి, గీత గీసి, కింద ఇలా రాసింది: "మిగతాది పెద్దింటి అవ్వకెరుక."

పెద్దింటి అవ్వ అమ్మకన్నా ముందే పోయింది. ఆమె కోడళ్ళని అడిగాను. ఎత్తుగడ గుర్తుంది, తర్వాత రాదన్నారు. ఒకావిడ కళ్ళు మూసుకుని కాసేపు చప్పట్లు కొట్టి చూసింది, చేతులకైనా గుర్తుందేమోనని.

అమ్మ రాసిన ఆ వాక్యాన్ని అలాగే టైపు చేసి, దాని కింద పన్నెండు లైన్లు ఖాళీ వదిలాను.